ఆస్వాల్డ్ ఏవరీ మహాశయుని చరిత్రము

న్యుమోనియా యను వ్యాధి పూర్వము ధనికుడనక, దరిద్రుడనక అసంఖ్యాకులను బలిగొనుచుండెడిది. ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైనది న్యుమోకాకస్. 1881లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరును, అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గును దీనిని వేర్వేరుగా కనుగొనిరి. ఈ యొక్క జీవిని ముప్పది యేండ్లకు పైగా పరిశీలించి, తుదకు ప్రాణుల వంశలక్షణముల మర్మమును వెలికిదీసిన మహనీయుడు ఆస్వాల్డ్ థియోడర్ ఏవరీ.

ఈయన 1877వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కెనడా దేశమందలి హాలిఫాక్సు పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఏవరీ బాల్యముననే కుటుంబము న్యూయార్కు నగరము చేరెను. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నంది, కొంతకాలము వైద్యవృత్తి సాగించి, పిదప పరిశోధనకు మరలెను. 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థవారి వైద్యశాలలో ప్రవేశించి, 1948 వరకు అచ్చటనే కృషి సల్పెను. వివాహమాడలేదు, ప్రయోగశాలయే ఆయనకు సంసారము.

న్యుమోకాకస్ సాధారణముగా జంటలుగా నుండును. ఆరోగ్యవంతుల ముక్కునందును, గొంతునందును హాని సేయక నివసింపగలదు. దేహబలము సన్నగిల్లినపుడు ఊపిరితిత్తులలోనికి దిగును. అంతట గాలి నిండవలసిన అరలు ద్రవముతో నిండి, శ్వాస కష్టమగును. కర్ణునకు సహజకవచమువలె ఈ జీవికొక జిగురు తొడుగు కలదు. అది యున్నంతవరకు రక్తమందలి తెల్లకణములు దీనిని సులభముగా మ్రింగజాలవు. తొడుగు లేనిచో తేలికగా చిక్కును. ఈ తొడుగు చక్కెర జాతి పదార్థమని 1923లో ఏవరీయు, మైఖేల్ హైడెల్‌బర్గరును నిరూపించిరి. తెగతెగకును ఆ చక్కెర వేరు. ఈ జ్ఞానమే తరువాతి కాలమున టీకాలకు పునాది యయ్యెను. అట్టి టీకా 2017 నుండి మన దేశమునందును శిశువులకు వేయబడుచున్నది.

1928లో ఇంగ్లండు దేశీయుడగు ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఒక వింతను ప్రకటించెను. తొడుగు లేని సజీవ క్రిములను, వేడిచే చంపిన తొడుగు క్రిములతో కలిపి ఎలుకలకెక్కించగా, అవి మరణించెను. వాటి రక్తమున తొడుగుగల సజీవ క్రిములు కనబడెను! చచ్చినవానినుండి బ్రతికినవానికి ఏదియో సంక్రమించెనన్నమాట. ఏవరీ మొదట దీనిని నమ్మలేదు. నమ్మకున్నను త్రోసివేయక, ఆ పదార్థమేదియో తెలిసికొనుటకై యేండ్ల తరబడి శ్రమించెను.

కాలిన్ మెక్లియాడ్, మెక్లిన్ మెకార్టీ ఆయనకు తోడ్పడిరి. మాంసకృత్తులను నశింపజేసినను ఆ శక్తి పోలేదు, డి.ఎన్.ఏ. యను పదార్థమును నశింపజేయగనే పోయెను. 1944లో ఈ ఫలితమును ప్రకటించిరి. అంతవరకు శాస్త్రజ్ఞులలో పెక్కురు మాంసకృత్తులే వంశలక్షణములను మోయునని తలచుచుండిరి. కావున కొందరు సందేహించిరి. ఏవరీ వాదులాడలేదు, ఋజువైన దానికి మించి ఒక్క మాటయు చెప్పలేదు.

1945లో లండను రాయల్ సొసైటీవారు ఆయనకు కాప్లీ పతకము నొసగిరి. నోబెల్ బహుమానము మాత్రము లభింపలేదు. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణము తెలియుటతో ఆయన సిద్ధాంతము మరింత బలపడెను. 1955 ఫిబ్రవరి 20వ తేదీన నాష్‌విల్ పట్టణమున ఆయన దివంగతుడయ్యెను.

బహుమానము రాకున్నను సత్యము నిలిచినది. తన నమ్మకమునకు విరుద్ధమైన దానిని సైతము ఓర్పుతో పరీక్షించుటయే విద్యయని ఆ మహాశయుని జీవితము చాటుచున్నది.