అక్కమహాదేవి వాక్శుద్ధి

శరణుల అనుభవవాణికి వచనమని పేరు. వచనమనగా మాటయే. పలికిన మాటను నడతలో నిలుపుకొనజాలని వాడు ఎన్ని వచనములు వల్లించినను శరణుడు కానేరడు. ఈ సత్యమునకు శివశరణి అక్కమహాదేవి జీవితమే నిదర్శనము.

12వ శతాబ్దమున కన్నడదేశమందలి ఉడుతడిలో జన్మించిన మహాదేవి బాల్యముననే శ్రీశైల చెన్నమల్లికార్జునుని పతిగా వరించెను. ఆ సీమ నేలు కౌశికుడు ఆమెను వివాహమాడ గోరెను. హరిహరకవి తన రగళెలో చెప్పిన కథను బట్టి, ఆమె శివపూజకును, మాహేశ్వరుల సాంగత్యమునకును, గురుసేవకును అడ్డురానని అతడు మాట యిచ్చి, మూడుమారులు తప్పెను. మాటకు విలువలేని చోట ఆమె నిలువలేదు. రాజభోగములను, వస్త్రాభరణములను సైతము త్యజించి, కేశములే ఆచ్ఛాదనముగా కల్యాణమునకు తరలెను.

అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను పరీక్షించిన విధము 15వ శతాబ్దమున కూర్చబడిన శూన్యసంపాదనలో కలదు. సర్వమును విడిచినచో కేశములతో దేహమును కప్పుకొనుట యేలయని ప్రభువు నిండుసభలో ప్రశ్నించెను. ఎంత కఠినమైన మాట! అయినను ఆమె కినుక వహింపలేదు, తన వైరాగ్యమును పొగడుకొనలేదు. ఆ మరుగు తనకొరకు కాదనియు, చూచువారి మనస్సు చలింపకుండుటకే యనియు విన్నవించెను. తన్ను ప్రశ్నించినవారి మేలునే కోరిన సమాధానమది. వయస్సున చిన్నదైనను శరణులెల్లరు ఆమెను అక్కయని గౌరవించిరి.

ప్రభువు పలుకు కఠినమే కాని అందు ద్వేషము లేదు. సత్యమును వెలికితీయుటకే ఆయన అట్లు పలికెను. మన యిండ్లలో కోడండ్రను, పనివారలను నొప్పించు మాటల వెనుక అట్టి సదుద్దేశ మెంత గలదో మనమే విచారించుకొనవలయును.

పిమ్మట అక్క శ్రీశైలమునకు వచ్చి, కదళీవనమున చెన్నమల్లికార్జునునిలో ఐక్యమందెనని సంప్రదాయము. నేటికిని ఉగాదికి కన్నడ భక్తులు కర్నూలు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి కాలినడకన శ్రీశైలము చేరుచున్నారు. ఆ యెండదారిలో మనవారు నీరును, అన్నమును పెట్టి ఆదరించుచున్నారు. ఆ నీటితోపాటు ఒక చల్లని మాటయు తోడైననే దాసోహము పరిపూర్ణమగును.

అక్క వచనములు 400కు పైగా లభించుచున్నవి. అవి చెన్నమల్లికార్జునుని అంకితముతో వెలసినవి. మనము పలుకు మాట చివరను ఇష్టదైవము పేరు చేర్చగలమా? చేర్చుటకు సిగ్గుపడవలసిన మాటయైనచో దానిని నాలుకపైననే ఆపుకొందము. అదియే మనము అక్కకు సమర్పింపదగిన నిజమైన పూజ.