సవరల బడి – గిడుగు రామమూర్తి పంతులుగారు

బసవేశ్వరుని అనుభవమంటపమున శరణులు వాడుక కన్నడముననే వచనములు పలికిరి. కనుకనే చర్మకారుడైన హరళయ్యకును అందు చోటు దొరకెను. ఏ సంస్థకైనను భాషయే వాకిలి. పాతపట్నమునకు చేరువనున్న పర్లాకిమిడిలో ఆ వాకిలి తెరచినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించిన పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. చుట్టుప్రక్కల కొండలలోని సవరబిడ్డలకు బడి లేదు. ఉన్నను అందలి మాట వారికి తెలియదు. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట నుంచుకొని ఆ భాషను నేర్చిరి. అందు వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టిరి. దొరతనమువారు పారితోషిక మీయబోగా తమకు వలదని, దానితో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పింపుడని కోరిరి. ఉపాధ్యాయుని ఆదాయ మెంతయో తలచినచో ఆ నిరాకరణపు విలువ తెలియును.

వాడుక తెలుగునకై 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించినపుడు పండితులు ఆగ్రహించిరి. సవరబడిని ఎరిగినవారికి అది వింతగా తోచియుండదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1938లో వారి సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1940 జనవరి 22న పరమపదించిరి.