ఉస్తాద్ దాగ్ దెహ్లవీ దిద్దుబాటు

ఉర్దూలో కితాబ్ అచ్ఛీ, కాగజ్ అచ్ఛా. తెలుగులో పుస్తకమైనా కాగితమైనా బాగుందనే అంటాం. అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో మన పిల్లలు ఉర్దూ రాసేటప్పుడు స్త్రీలింగ పుంలింగాల దగ్గర తడబడతారు. వారి నోటు పుస్తకాలు దిద్దేటప్పుడల్లా మాకు హజ్రత్ దాగ్ దెహ్లవీ గుర్తుకు వస్తారు. ఇతరుల రాతను దిద్దడంలో అంతటి పేరు పొందిన ఉర్దూ కవులు అరుదు.

ఆయన అసలు పేరు నవాబ్ మీర్జా ఖాన్. 1831లో ఢిల్లీలో జన్మించారు. నాలుగేళ్ల వయసులో, ఫ్రేజర్ హత్య కేసులో తండ్రి నవాబ్ షంసుద్దీన్ ఖాన్‌ను ఆంగ్లేయులు ఉరితీశారు. తరువాత తల్లి, బహదూర్ షా జఫర్ కుమారుడు మీర్జా ఫఖ్రూను వివాహమాడటంతో దాగ్ ఎర్రకోటలో పెరిగారు. జౌఖ్ వద్ద శిష్యరికం చేశారు. 1856లో మీర్జా ఫఖ్రూ మరణించారు. మరుసటి ఏడే తిరుగుబాటు, కోట చెల్లాచెదురు. ఆ కోటలో విన్న భాష మాత్రం దాగ్ వెంట రాంపూర్‌కు, అక్కడి నుంచి దక్కనుకు వచ్చింది.

1888లో తొలిసారి హైదరాబాద్ వచ్చారు. కొలువు వెంటనే దొరకలేదు. 1891లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన ఉస్తాద్‌గా నియమించుకున్నారు. ప్రభువు రాసిన గజల్‌లో తప్పు చూపడం ఎంత సున్నితమైన పనో పాఠకులు ఊహించగలరు.

దూర ప్రాంతాల శిష్యులు గజళ్లను టపాలో పంపేవారు. ఈ దిద్దుబాటునే ఇస్లాహ్ అంటారు. ఛందస్సు తూగిందా, ఖాఫియా కుదిరిందా, మాట వాడుకలో ఉన్నదేనా అని చూసి తిప్పి పంపాలి. మాట మారితే పాదం నిలబడాలి, కాని షేర్ శిష్యునిదిగానే మిగలాలి. కష్టమంతా అక్కడే.

పంజాబ్ నుంచి అలా పంపిన యువకులలో ఇక్బాల్ ఒకరు. కొంతకాలానికే, ఆయన గజళ్లలో దిద్దవలసింది పెద్దగా లేదని దాగ్ తెలియజేశారు. ఎర్ర సిరా చేతిలో ఉండి కూడా ఆపగలిగిన వారిని మేము ఎక్కువమందిని చూడలేదు.

మన ఇళ్లలోని నక్కో, హౌ అనే మాటలు దాగ్ గారి ఢిల్లీ కొలతకు నిలవవు. పరీక్ష పత్రంలో మేమూ వాటిని దిద్దుతాం. అయితే దాగ్ పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది దక్కనీలోనే. నానీమా మాట విని నవ్వే పిల్లలను మాత్రం మందలిస్తాం.

దాగ్ 1905లో హైదరాబాద్‌లోనే మరణించారు. ఇక్బాల్ ఆయనపై స్మృతిగీతం రాశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు మన వైపు నుంచి వెళ్లేవారున్నారు. దాగ్ సమాధి అక్కడే ఉంది.