నొప్పి విలువ చూపిన వైద్యులు – డాక్టర్ పాల్ బ్రాండ్ గారు

మా హొసూరు వైపు పల్లెలలో చక్కెర జబ్బు ఉన్న పెద్దలు, కాలికి ముల్లు దిగినా తెలియలేదని చెప్పగా మేము వింటూనే ఉన్నాము. నొప్పి లేదు గనుక ఏమీ కాలేదనుకుంటారు. అసలు ప్రమాదము అక్కడే ఉన్నదని చూపిన ఒక వైద్యుని గూర్చి ఈసారి చెప్పుకుందాము.

పాల్ బ్రాండ్ గారు 1914 జూలై 17న, నేటి తమిళనాడులోని కొల్లి కొండలపై జన్మించారు. తల్లిదండ్రులు జెస్సీ, ఎవలిన్ బ్రాండ్‌లు బాప్టిస్టు మిషనెరీలు. తొమ్మిదవ ఏట ఆయనను చదువు కొరకు ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి ఆ కొండలమీదనే జ్వరముతో మరణించారు. కుమారుడు మరల ఆయనను చూడనేలేదు. మొదట ఇండ్లు కట్టే పని నేర్చి, పిమ్మట వైద్యము చదివి, 1946లో మనవారందరికీ తెలిసిన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు.

కుష్ఠువ్యాధి వేళ్లను తినివేస్తుందని అప్పటి నమ్మకము. బ్రాండ్ గారు ఓపికగా వెదకగా, కారణము మొద్దుబారిన నరములని తేలింది. కాలే గిన్నె పట్టినా, చెప్పులో మేకు లేచినా, రాత్రి ఎలుకలు కొరికినా వారికి తెలియదు. అందుకని రోగులకు పిల్లులను ఇచ్చారు! నవ్వు రావచ్చు గాని అదీ వైద్యమే.

1950ల తొలినాళ్లలో లండనులో ఒక రాత్రి, ప్రయాణము చేసి వచ్చి మేజోడు విప్పుచుండగా ఆయన మడమకే స్పర్శ లేకపోయింది. సూదితో గుచ్చినా నొప్పి లేదు. తనకూ ఆ వ్యాధి సోకెనని తెల్లవార్లూ నిద్రపోలేదు. ఉదయము మరల గుచ్చగా కేక వేసేంత నొప్పి! రైలులో కదలక కూర్చున్నందున నరము నొక్కుకున్నది, అంతే. ఆ నొప్పికే దేవునికి స్తోత్రము చెల్లించారు.

1966లో అమెరికాలో లూసియానా రాష్ట్రపు కార్విల్ ఆస్పత్రికి వెళ్లారు. చక్కెర జబ్బువారి పాదముల పుండ్లకు కూడా ఇదే మూలమని అక్కడ బోధించారు. చేతితో పాదమంతా తడిమి, ఒకచోట వేడిగా ఉంటే పుండు పడకముందే పసిగట్టేవారు. నైలాను పోగు పరీక్ష పాదములకు వాడుకలోకి వచ్చుటలో ఆ ఆస్పత్రివారి పాత్ర పెద్దది. రోగి కళ్లు మూసుకొనగా, పోగు వంగేవరకు అరికాలికి ఆనిస్తారు. పడే ఒత్తిడి 10 గ్రాములే. అది తెలియకపోతే పాదమునకు కాపలా పోయినట్టే. సూది లేదు, కోత లేదు, కొద్ది నిమిషముల పని, ఏడాదికొకసారైనా చేయించుకోమంటారు. మనవారు రక్తము ఇచ్చి వస్తారు గాని బూట్లు విప్పి చూపరు! పట్నములలో పూటంతా నిలబడి పనిచేసే మన బిడ్డల సంగతే మా దిగులు.

బ్రాండ్ గారు 2003 జూలై 8న సియాటిల్‌లో కన్నుమూశారు. తల్లి ఎవలిన్ గారు 1974లో మరణించేవరకు ఈ దేశపు కొండలలోనే సేవ చేశారు.