డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

తండా ఇళ్లల్లో ప్రార్థనకు కూడేది ఐదారుగురే అని దిగులుపడే మన యాడికి యువతకు బిషప్ వి.ఎస్. అజరయ్య గారి గురించి చెప్పదలిచాం. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన మాతృభాష తమిళం. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంత హోదాలోనూ ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు.

మాకు అంతకన్నా గొప్పగా తోచేది ఒకటుంది. బాప్తిస్మం తీసుకునే ప్రతి ఒక్కరూ తన తలపై చెయ్యి పెట్టుకుని, సువార్త ఇతరులకు చెబుతానని మాట ఇవ్వాల్సి ఉండేది. అక్షరం రాని కూలీకైనా అదే నియమం. పాదిరి వచ్చేదాకా ఆగే పని లేదు. కూలికి పోయినచోట, చుట్టాలింట, ఎవరికి వారే చెప్పొచ్చు. 1939లో డోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ నాటికి ఆ డయోసిస్‌లో విశ్వాసులు లక్ష దాటారు. 1945 జనవరి 1న ఆయన అక్కడే కన్నుమూశారు.