రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ

రాయ్‌బరేలీ అనగానే 1977లో ఇందిరాగాంధీ పొందిన పరాజయమే స్ఫురిస్తుంది. ఆ నియోజకవర్గానికి పార్లమెంటులో తొలుత ప్రతిష్ఠ తెచ్చినది ఆమె భర్త ఫిరోజ్ గాంధీ.

1912లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో జన్మించిన ఫిరోజ్ అలహాబాదులో పెరిగి, స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్లారు. 1952లోను, 1957లోను రాయ్‌బరేలీ ప్రాంత ఓటర్లు ఆయనను లోక్‌సభకు పంపారు. ప్రధాని నెహ్రూకు అల్లుడై ఉండి, అధికారపక్షంలోనే కూర్చుని ఆయన ప్రభుత్వాన్ని నిలదీశారు. జీవిత బీమా సంస్థ సొమ్ముతో ముంద్రా కంపెనీల వాటాలు కొన్న వ్యవహారాన్ని 1957 డిసెంబరులో సభ ముందుంచారు. ఛాగ్లా కమిషన్ విచారణ అనంతరం 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది.

పార్లమెంటు చర్చలను యథార్థంగా ప్రచురించే పత్రికలకు రక్షణ కల్పించిన 1956 నాటి చట్టం కూడా ఆయన ప్రతిపాదించిన అనధికార బిల్లు ఫలితమే. 1960 సెప్టెంబరు 8న, నలభై ఎనిమిదేళ్లు నిండకుండానే, ఆయన గుండెపోటుతో మరణించారు.

1967లో, 1971లో రాయ్‌బరేలీ నుంచి ఇందిర గెలిచారు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఆమె ఎన్నికను రద్దు చేసింది. ఆ నెలలోనే విధించిన అత్యవసర పరిస్థితి కాలంలో, భర్త తెచ్చిన చట్టాన్ని భార్య ప్రభుత్వం రద్దు చేసింది. 1977లో ఓటర్లు రాజ్‌నారాయణ్‌ను 55 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించారు. ఆ ఏడాదే జనతా ప్రభుత్వం పత్రికలకు ఆ రక్షణను పునరుద్ధరించింది. 1978 నాటి 44వ సవరణ దానికి రాజ్యాంగంలోనే స్థానమిచ్చింది.

1980లో ఇందిర రాయ్‌బరేలీలోను, మన మెదక్‌లోను గెలిచి, మెదక్‌ను ఉంచుకున్నారు. నియోజకవర్గాన్ని వదులుకోవచ్చు, అక్కడి సభ్యుడు నెలకొల్పిన సంప్రదాయాన్ని తుడిచివేయడం మాత్రం అత్యవసర పరిస్థితికి కూడా సాధ్యం కాలేదు.