బరోడా కొలువులో పదకొండు రోజులు

పట్టభద్రుడైన ఒక యువకుడు ప్రభుత్వ ఆర్థిక శాఖలో తొలి ఉద్యోగంలో చేరినప్పుడు అతనికి కావలసినవి మూడు: చేయడానికి పని, కూర్చోవడానికి చోటు, రాత్రికి తలదాచుకోవడానికి నీడ. దేశంలో ఆనాటికి అత్యున్నత ఆర్థికశాస్త్ర శిక్షణ పొందిన కొద్దిమందిలో ఒకరైన భీమ్‌రావ్ అంబేడ్కర్‌కు 1917లో మొదటిది మాత్రమే దక్కింది. తక్కిన రెండింటినీ కులం లాగేసుకుంది. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను స్మరించేటప్పుడు మనం తరచుగా దాటవేసే అధ్యాయం ఇది.

1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో జన్మించిన అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. 1907లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన భీమ్‌రావ్‌కు బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల వేతనం మంజూరు చేయగా, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1912లో అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలలో బి.ఎ. పట్టా పొందారు. 1913 ఆరంభంలో బరోడా సంస్థాన సేవలో ప్రవేశించారు. కొద్ది రోజులకే తండ్రి అస్వస్థత వార్త అందడంతో బొంబాయికి తిరిగి రావలసి వచ్చింది. ఆ ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు.

అదే ఏడాది మహారాజు ఆయనను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల విద్యార్థి వేతనం; దానికి బదులుగా చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్న ఒప్పందం. న్యూయార్క్‌లో ఆయన ప్రధాన విషయం అర్థశాస్త్రం. 1915లో ఎం.ఎ. పట్టా వచ్చింది. 1916 మేలో భారతదేశంలో కులాల పుట్టుకపై పరిశోధన పత్రం చదివారు. బ్రిటిష్ ఇండియాలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య ఆర్థిక సంబంధాలు ఎలా రూపొందాయో పరిశీలించిన ఆయన గ్రంథం 1925లో వెలువడింది. దానిని ఆయన సయాజీరావుకే అంకితమిచ్చారు. న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లి గ్రేస్ ఇన్‌లోనూ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ చేరారు గానీ, విద్యార్థి వేతనం గడువు ముగియడంతో 1917లో చదువును మధ్యలో ఆపి స్వదేశానికి రాక తప్పలేదు.

ఒప్పందాన్ని నిలబెట్టుకోవడానికి బరోడా చేరిన అంబేడ్కర్‌కు ఆర్థిక వ్యవహారాలలో అనుభవం కల్పించి, ఉన్నత స్థానానికి సిద్ధం చేయాలన్నది మహారాజు ఆలోచన. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఆయన ప్రొబేషనర్‌గా చేరారు. ప్రభుత్వ ఖాతాల లెక్కలు తేల్చడం, ఆదాయవ్యయాలను బేరీజు వేయడం నేర్చుకునేందుకు అంతకు మించిన పాఠశాల ఉండదు. అయితే మహారాజు ఆజ్ఞ కార్యాలయ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బంట్రోతులు ఫైళ్లను ఆయన చేతికివ్వక బల్లపైకి విసిరేవారు. తాగునీటి కుండ దగ్గరకు ఆయన వెళ్లరాదు. కొలంబియా పట్టా బంట్రోతు దృష్టిలో అంటును కడగలేకపోయింది.

నివాసం సమస్య అంతకన్నా కఠినమైనది. హిందూ సత్రాలలో చోటు దొరకదని తెలిసి, పార్సీల సత్రంలో పార్సీ పేరు నమోదు చేయించుకుని, రోజుకు రూపాయిన్నర చెల్లిస్తూ బస చేశారు. వాడుక లేని సామాన్లు పోసిన ఆ పై అంతస్తులో మరో అతిథి లేడు. రాత్రి లాంతరు వెలుగులో ఒంటరిగా పుస్తకం చదువుకోవడమే కాలక్షేపం. ప్రభుత్వ బంగళా ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నారు. దివాను దానిని రేపుమాపని వాయిదా వేస్తూ పోయారు. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకున్న పార్సీల గుంపు వచ్చి, సత్రాన్ని మైల పరిచావని గద్దించి, సాయంత్రానికల్లా ఖాళీ చేయాలని హెచ్చరించింది.

ఇద్దరు మిత్రులను ఆశ్రయించారు. తన ఇంట ఆయన అడుగుపెడితే పనివాళ్లు మానేస్తారన్నాడు హిందూ మిత్రుడు. భార్యను అడిగి చెబుతానన్నాడు క్రైస్తవ మిత్రుడు. ఆ దంపతులు బ్రాహ్మణ మూలాల నుంచి మతం మారినవారు. కులం మతాల సరిహద్దులను ఎంత సులభంగా దాటుతుందో ఆ ఒక్క రోజు తేటతెల్లం చేసింది. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. అంతవరకు ఐదు గంటలు ఒక ఉద్యానవనంలో కూర్చుని, కన్నీళ్లు దిగమింగుతూ ఆయన బరోడాను వీడారు.

బొంబాయిలో షేర్ల పెట్టుబడులపై సలహాలిచ్చే సంస్థను నెలకొల్పారు. సలహాదారు అస్పృశ్యుడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. అక్కడా అధ్యాపకుల నీటి కుండను ఆయన ముట్టుకోవడంపై కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. రాజ్య కార్యాలయం, విపణి, విద్యాలయం: మూడు చోట్లా ప్రతిభకు ఎదురైన అడ్డుగోడ ఒకటే.

ఆయన 1920లో తిరిగి లండన్ వెళ్లి, రూపాయి సమస్యపై పరిశోధనకు 1923లో డి.ఎస్సీ. సాధించారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వోద్యోగాలలో అస్పృశ్య కులాలకు 8.33 శాతం స్థానాలు కేటాయింపు పొందడం వెనుక ఆయన కృషి ఉంది. తదనంతరం రాజ్యాంగంలోని 16, 335 అధికరణలు ఆ హక్కుకు మౌలిక చట్టబలాన్ని ఇచ్చాయి. అస్పృశ్యతను నిషేధించిన 17వ అధికరణను వాటి పక్కనే ఉంచి చదవాలి. ఒకటి కార్యాలయ ద్వారం తెరుస్తుంది. మరొకటి లోపల నీటి కుండ గురించి మాట్లాడుతుంది.

రిజర్వేషన్లను ప్రతిభకు వ్యతిరేకమని వాదించేవారు బరోడాను ఒకసారి తలచుకోవాలి. అక్కడ ప్రతిభకు కొరత లేదు. నియామక ఉత్తర్వుకు, సాక్షాత్తు రాజు ఆదరణకూ కొరత లేదు. కొరవడింది సహోద్యోగుల సమత్వం, ఇంటి యజమాని మానవత్వం, దరఖాస్తును సకాలంలో పరిష్కరించే దివాను బాధ్యత. నేడు మన రెండు తెలుగు రాష్ట్రాల సచివాలయాలలో, ఖజానా కార్యాలయాలలో, ఆడిట్ విభాగాలలో కొత్తగా చేరే దళిత పట్టభద్రులకు నియామక పత్రం చట్టం అందిస్తోంది. ఏ సీటు కేటాయిస్తున్నారు, ఏ బాధ్యత అప్పగిస్తున్నారు, ఊరిలో అద్దె ఇల్లు వెతికితే ముందుగా ఏ ప్రశ్న ఎదురవుతోంది అన్నది ఏ రోస్టర్ రిజిస్టరులోనూ నమోదు కాదు. ఖాళీల లెక్కతో పాటు ఈ లెక్కనూ ప్రభుత్వాలు అడగవలసి ఉంది. పదేళ్ల సేవకు సిద్ధపడి వచ్చిన ఆర్థికవేత్తను పదకొండు రోజులకే పోగొట్టుకున్న సంస్థానం నష్టం ఏ ఖాతాలోనూ చేరలేదు. అటువంటి నష్టాన్ని ప్రజాస్వామ్య ప్రభుత్వం భరించకూడదు.